సగం గుడ్ల దొంగ

మిట్టూరు, చిత్తూరు
9 అక్టోబరు 1944, సోమవారం

రెండు నెలల తరువాత మళ్ళీ ఈ పుస్తకం తెరిచాను. ఆఖరి పేజీలో, ఆగస్టు నాలుగో తేదీన, "ఒళ్ళు వెచ్చగా ఉంది, మిరియాల కషాయం తాగాను" అని ఉంది. అది టైఫాయిడ్. ముప్పై ఎనిమిది రోజులు నేను ఎక్కడున్నానో నాకే తెలియదు. కట్టుకున్న పెళ్ళాన్ని కూడా పదిహేను రోజులు గుర్తుపట్టలేదని భారతి చెబుతుంది. ఇప్పుడు జ్వరం లేదు, జుట్టూ లేదు, కాళ్ళలో బలమూ లేదు. జిల్లా బోర్డు ఆఫీసులో డిసెంబరు దాకా సెలవిచ్చారు. నకళ్ళు రాయడానికి నా సీట్లో ఎవరినో కూర్చోబెట్టారట. ఆయన దస్తూరీ కోడి గెలికినట్టు ఉంటుందని మా బంట్రోతు మునిరత్నం చెప్పిపోయాడు. విని కొంత ఓపిక వచ్చింది.

డాక్టరు రోజూ గుడ్లు పాలలో కొట్టుకొని తాగమన్నాడు, ఎన్ని దొరికితే అన్ని. ఊళ్ళో గుడ్లెక్కడివి? మిలిటరీ కాంట్రాక్టర్లు సంతలో తట్టలకు తట్టలు ఎత్తుకుపోతున్నారు. ఏదో నా అదృష్టం, నాకు నాలుగు పెట్టలున్నాయి. చుక్కలది, నల్లది, ఎర్రది, బొల్లిది.

ఈ పొద్దు పెరటి పంచలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. రెండు పెట్టలు గుడ్డు పెట్టి అరవడం నా చెవులతో విన్నాను. నా గ్లాసులోకి వచ్చింది ఒక్కటే గుడ్డు.

రెండోది ఏమైనట్టు?

11 అక్టోబరు

నాలుగు అరుపులు. నాకు రెండు గుడ్లు.

12 అక్టోబరు

రెండు అరుపులు. ఒక గుడ్డు. భారతిని అడిగితే పెట్టలు ఊరికే కూడా అరుస్తాయంది. ఇరవై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్నవాడికి ఆ మాట చెబుతుంది.

14 అక్టోబరు, శనివారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాసేస్తాను. నా అనుమానం పక్కింటి గౌసియా బీ మీద.

మొగుడు పోయి ఆరేళ్ళయింది. రవికెలు కుట్టి బతుకుతుంది. ఆమె ఉండే ఇల్లూ మేముండే ఇల్లూ ఒక్కరివే, తిరుపతిలో కాపురమున్న పరంధామయ్యగారివి. రెండు పెరళ్ళకూ మధ్య గోడ లేదు, ముళ్ళకంప కంచె. మొన్న జూన్‌లో ఆమె కోళ్ళు ఆ కంచె సందుల్లో దూరి నా వంగనారంతా గెలికి పారేశాయి. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి రాయి తీసుకుని విసిరాను. ఒక కోడికి కాలు దెబ్బతిన్నది. వీధి వీధంతా వినేటట్టు చెప్పాను, ఇకమీదట నీ కోడి ఈక ఒక్కటి నా పెరట్లో కనబడినా పరంధామయ్యగారికి రాసి నీ ఇల్లు ఖాళీ చేయిస్తానని. ఆమె మారు మాట్లాడలేదు. మరునాడే కోళ్ళన్నిటినీ గంపలో పెట్టి పూతలపట్టులో ఉన్న చెల్లెలింటికి పంపేసింది. మారు మాట్లాడని మనిషిని నమ్మకూడదు. లోపల పెట్టుకుంటారు.

ఇప్పుడు ఆమె పెరట్లో ఒక్క కోడి లేదు. ఒక్క కోడీ లేని ఆ ఇంట్లోంచి నిన్న గుడ్డట్టు వాసన వచ్చింది.

16 అక్టోబరు

దీపావళి. నూనె దొరక్క నాలుగు ప్రమిదలతో సరిపెట్టుకున్నాం. నాలుగు అరుపులు, రెండు గుడ్లు. దొంగకు పండగ కూడా లేదు.

19 అక్టోబరు

పది రోజులుగా గమనిస్తున్నాను. ఆ దొంగ ఎప్పుడూ సరిగ్గా సగమే తీసుకుంటుంది. రెండు పెడితే ఒకటి, నాలుగు పెడితే రెండు. మూడు పెట్టిన రోజు నాకు రెండు వచ్చాయి, మరునాడు మూడు పెడితే ఒకటే వచ్చింది. ఇది పిల్లి పని కాదు, ముంగిస పని కాదు, పాము పని అసలే కాదు. పాముకు భాగహారం రాదు. అంతా ఎత్తుకుపోతే ఇంటివాడు మేలుకుంటాడని లెక్కగా తీసుకునే బుద్ధి మనిషిది.

కోళ్ళ తీరు కూడా బాగాలేదు. ఇదివరకు బా బా అని పిలిస్తే నా కాళ్ళ మీదికి ఎక్కేవి. ఇప్పుడు గింజలు చల్లినా దూరంగా నిలబడి, నేనెవరో కొత్తవాణ్ణయినట్టు మెడ వంచి చూస్తున్నాయి. బొల్లిదాని జుట్టు ఒక పక్కకు వాలి ఉండేది, ఇప్పుడు నిటారుగా నిలబడింది. ఎర్రది కుంటుతోంది. నేను మంచం మీద ఉన్నప్పుడు ఆ గౌసియా బీ కసి కొద్దీ దాన్ని రాయి పెట్టి కొట్టి ఉంటుంది. నోరులేని జీవాన్ని కొట్టడానికి చేతులెట్లా వస్తాయో.

20 అక్టోబరు

మునిరత్నం వచ్చాడు. వాడి చేత నల్ల పెట్టను పట్టించాను. భారతి ఎందుకో అడ్డం పడింది, కోడిని బెదరగొడితే గుడ్డు మానేస్తుందని. నా పెట్టలన్నిటికీ పిల్లలప్పుడే ఎడమకాలి చిటికెనవేలి కొస కత్తిరించి పెట్టాను, ఎవరైనా మాదంటే చూపించడానికి. చూస్తే వేలు నిండుగా ఉంది, గోటితో సహా.

కోడికి వేలు మళ్ళీ మొలుస్తుందా అని మునిరత్నాన్ని అడిగాను. వాడు నా తల వైపు చూసి, "జరం పోయినాక తమకు జుట్టు మొలస్తా ఉండాదే అయ్యా, కోడికి ఏలు మొలవకూడదా" అన్నాడు.

వాడి మాటలో న్యాయం ఉంది.

22 అక్టోబరు, ఆదివారం

కర్ర పట్టుకుని తోటలోకి నాలుగడుగులు వేయగలిగాను. తోటంటే ఎంత, రెండు సెంట్ల జాగా. వంగ, చిక్కుడు, ఒక బీర పాదు. చిక్కుడు తీగ లేత కొసలన్నీ నల్లగా పేనుబంక. వంగ ఆకుల కింద గొంగళి పురుగులు. పండించండి పండించండి అని సర్కారువారు ఊరూరా కాగితాలు పంచుతున్నారు గానీ పండించినదాన్ని తినేవాళ్ళ జాబితా వాళ్ళకేం తెలుసు.

పొగాకు కాడలు నానబెట్టి, కాచి, వడగట్టి కషాయం చేయించాను. చీపురుతో చిక్కుడు మీద చల్లితే సాయంత్రానికి పేనుబంక చచ్చి రాలిపోయింది. సీసాలో ఇంకా మిగిలి ఉంది. దాని మీద "విషము" అని గుండ్రంగా రాసి కాగితం అంటించాను. చాలా రోజులకు చేతికి పని దొరికింది, దస్తూరీ పాడుకాలేదు.

వంగమడిలో ఒక వరస మాత్రం పురుగు లేకుండా ఉంది. కోళ్ళు దూరి ఏరుకు తిన్నాయని భారతి అంటుంది. నేను ఒప్పుకోను. కోడి మడిలో దూరితే మిగిలేది గుంతలే.

25 అక్టోబరు

అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. గౌసియా బీ కూతురు గుల్జార్ బేగం పురిటికి వచ్చి ఉంది. నేను మంచంలో ఉన్నప్పుడే వచ్చిందట, భారతి నాకు చెప్పనేలేదు. మొగుడు సిపాయి, అస్సాంలో ఎక్కడో ఉన్నాడు. ఈ పొద్దు కంచె సందులోంచి చూశాను. ఎనిమిదో నెల అనుకుంటాను. ముక్కాలి పీట మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. పచ్చగా, నిండుగా ఉంది, బుగ్గలు మెరుస్తున్నాయి. నా బుగ్గలు చూసుకుంటే లోపలికి పోయి రెండు దొన్నెల్లా ఉన్నాయి.

నా గుడ్లు ఎవరి ఒంటికి పట్టాయో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

26 అక్టోబరు

కుట్టు మిషను చప్పుడు రోజంతా వినబడుతూ ఉంటుంది. పది గంటలప్పుడు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే భారతి పెరట్లో పని ఉందని పోతుంది. కంచె దగ్గర గుసగుసలు. నేను దగ్గితే నిశ్శబ్దం. ఆ మహాతల్లి మాటల్లో పెట్టి భారతిని నిలబెడుతుంది, ఈలోపల ఆ పిల్ల అటునుంచి చెయ్యి పెడుతుంది. భారతికి లోకం తెలియదు. ఎవరు వచ్చి అక్కా అంటే వాళ్ళకు ముక్కాలి పీట వేస్తుంది.

27 అక్టోబరు

భారతి స్నానానికి పోయినప్పుడు కోళ్ళగూటి దాకా పోయి, ఉన్న రెండు గుడ్ల మీద పెన్సిలుతో సన్నగా నా పొడి అక్షరాలు వేసి వచ్చాను. మధ్యాహ్నం గ్లాసులోకి ఒకటే. రెండో గుడ్డు పెంకేదని అడిగితే, పెట్ట తొక్కి పగలగొట్టింది, పారేసినాను అన్నది. అబద్ధం చెప్పడం భారతికి రాదు. కాబట్టి పెట్ట తొక్కే ఉంటుంది.

28 అక్టోబరు, శనివారం

తొక్కలేదు. గౌసియా బీ పెరట్లో కంచె పక్కనే చెత్తకుప్ప ఉంది. కర్ర కొసతో గెలికాను. నా అక్షరాలున్న పెంకు దొరికింది. తెచ్చి నా బల్ల సొరుగులో పెట్టాను.

భారతికి చూపించలేదు. జాలిగుండె, పోనీలెండి అంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పక్కింటి దొంగను ఈ తిరుమలయ్య పట్టగలడు.

29 అక్టోబరు

పెంకు ఒక్కటి చాలదు. కాకి ఎత్తుకొచ్చి పడేసిందంటారు. దొంగతనం చేసినవాళ్ళు తమంతట తాము బయటపడాలి, నలుగురూ చూడాలి. దారి ఒకటి తోచింది. పురుగుకు పనిచేసిన మందు పురుగులాంటి మనిషికీ పనిచేస్తుంది. చావు కాదు, కాస్త కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది, అంతే. గుడ్డు తిని ఎవరు వాంతి చేసుకుంటే వాళ్ళే దొంగ.

రేపటి తేదీ వేసి పరంధామయ్యగారికి ఉత్తరం కూడా రాశాను. రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు.

30 అక్టోబరు, సోమవారం. పొద్దున

గుడ్డుకు సూదితో చిల్లు పొడిచి, కషాయం కొంచెం పట్టించి, సున్నంతో మూశాను. ఎంత చూసినా కనబడదు. గూట్లో రెండోదాని పక్కన పెట్టాను. పొరపాటున నాకే రాకుండా, ఈ రోజు కడుపు బాగాలేదు, నాకు గుడ్డు వద్దు అని భారతికి చెప్పాను. మునిరత్నం తిరుపతి పోయే పని మీద ఉన్నాడు, ఉత్తరం వాడి చేతికిచ్చాను.

మనసు చాలా హాయిగా ఉంది. ఆకలి కూడా వేసింది.

అదే రోజు. పది దాటింది

మిషను ఆగింది. గూట్లో ఒక్క గుడ్డు కూడా లేదు.

అదే రోజు. మూడు గంటలకు

పక్కింట్లో అలికిడి. భారతి చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం నేను ఏనాడూ చూడలేదు.

అదే రోజు. సాయంత్రం

మంత్రసాని గురవమ్మను పిలుచుకొచ్చారు.

31 అక్టోబరు

తెల్లవారి ఆరు గంటలకు ఆడపిల్ల పుట్టింది. అరచేతి మీద పడుకోబెట్టవచ్చట. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని గురవమ్మ అన్నదట. దూదిలో చుట్టి కుంపటి పక్కన పెట్టుకున్నారు. గుల్జార్‌కు స్పృహ వస్తూ పోతూ ఉంది.

భారతి ఎనిమిది గంటలకు ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చుని తల బాదుకుంది. అంతా తన వల్లేనంది. నిన్న పెట్టలు రెండు పెట్టాయి, నేను వద్దన్నాను కదా అని రెండూ గుల్జార్‌కే ఇచ్చిందట. ఆ పిల్లకు నీచువాసన పడదు, ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగుతుందట. నిన్న రెండు దాటాక తాగిన కాసేపటికి వాంతులు, కళ్ళు తిరగడం, ఆ వెంటనే నొప్పులు. "ఒకటి మురిగిపోయి ఉండాది. నీళ్ళలో ఏసి సూడకుండా ఇచ్చేసినాను. నా చేత్తో ఇచ్చినాను" అని ఏడ్చింది.

మన గుడ్లు వాళ్ళకెందుకిచ్చావని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

నా కోళ్ళు లేవు. ఆగస్టులో నేను ఒళ్ళు తెలియక పడి ఉన్నప్పుడు కొక్కెర తెగులు తగిలి నాలుగు రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి. ఊళ్ళో సగం కోళ్ళు పోయాయట. గౌసియా బీ కోళ్ళు మాత్రం మిగిలాయి, నేను తరిమేశాను కాబట్టి, పూతలపట్టులో ఉన్నాయి కాబట్టి. గుడ్డుపాలు పట్టకపోతే మనిషి లేవడు అని డాక్టరు చెబితే భారతి పోయి ఆమె ముందు చెయ్యి చాచింది. ఆమె మరునాడే కోళ్ళను తెప్పించి పాలుకు ఇచ్చింది. కోడి ఒకరిది, మేపేది ఒకరు, గుడ్లు చెరి సగం. ఈ చుట్టుపక్కల పాలుకోళ్ళు ఎవరికి తెలియవు. నాకు తెలియదా? మా నాయన దూడల్ని కూడా పాలుకిచ్చేవాడు. సగం, సగం అని నేను పది పేజీలు రాశాను, ఆ మాట మాత్రం ఒక్కసారి తోచలేదు.

కూతురు పురిటికి రాబోతోంది, తనకూ గుడ్లు కావాలి, అయినా సగం నాకిచ్చింది. నాకు చెప్పకుండా ఉండమని భారతే ఆమెను బతిమాలింది. మనసుకు ఏ అదురూ తగలకూడదన్నాడట డాక్టరు. పైగా ఆమె కోడి ఈక పడితే ఇల్లు ఖాళీ చేయిస్తానని వీధిలో అరిచింది నేనే కదా. అందుకని నా కోళ్ళ రంగులకు సరిపోయేవి చూసి భారతి ఏరుకుందట.

"ఆ కుంటేది మీరు రాయేసిన కోడేనండి" అంది.



1 నవంబరు

నిజంగానే మురిగిన గుడ్డు అయి ఉండవచ్చు. నేను పెట్టిన గుడ్డును పిల్లి ఎత్తుకుపోయి ఉండవచ్చు. వంటింటి పక్క ఒక గండుపిల్లి తిరగడం నేను చాలాసార్లు చూశాను. సిపాయి పెళ్ళాం, మొగుడి మీద దిగులుతో కూడా నెలలు నిండకుండా ప్రసవించవచ్చు. ఎన్ని కారణాలుండవు?

2 నవంబరు

గండుపిల్లిని నేను ఎప్పుడూ చూడలేదు.

3 నవంబరు

సీసా తీసి గోతిలో కుమ్మరించాను. పెన్సిలు అక్షరాల పెంకును పిండి చేశాను. తరువాత, ఇదంతా దొంగ చేసే పనే కదా అనిపించింది.

గుల్జార్ లేచి కూర్చుందట. పాలు పడ్డాయి. బిడ్డకు చప్పరించే బలం లేదు, దూదిపింజ ముంచి పెదవుల మధ్య పిండుతున్నారు. భారతి అక్కడే ఉంటోంది. ఇంటికి వచ్చి అన్నం వండి పెట్టి, తాను తినకుండా మళ్ళీ పోతుంది. బిడ్డ నిలబడే దాకా ఒంటిపూట భోజనమని గంగమ్మకు మొక్కుకుంది. మురిగిన గుడ్డు ఇచ్చిన పాపం తనదేనని ఆమె నమ్మకం. ఒక్క మాటతో నేను ఆ బరువు దించవచ్చు. మనసుకు అదురు తగలకూడదన్నాడు డాక్టరు. అందుకని ఊరుకున్నాను.

5 నవంబరు

ఉత్తరం సంగతి గుర్తొచ్చింది. ఇల్లు ఖాళీ చేయించాలని రాశాను. ఇప్పుడు ఆ పసిగుడ్డును పట్టుకుని ఆమె వానలో వీధిన పడుతుంది. ఉత్తరం వెనక్కు తీసుకోవచ్చా? మునిరత్నాన్ని అడిగితే, పోయినరోజే ఇచ్చేసినాను అయ్యా, ఆయన చదివి కోపంగా తలాడించినాడు అన్నాడు.

7 నవంబరు, మంగళవారం

ఈ రోజుది ఈ రోజే రాయాలి.

పదకొండు గంటలకు పరంధామయ్యగారు జట్కా దిగారు. నేరుగా మా పంచలోకి వచ్చి కూర్చుని గౌసియా బీని పిలిపించారు. ఆమె తలమీద కొంగు కప్పుకుని కంచె దాటి వచ్చింది. వారం రోజుల నిద్ర లేదు కళ్ళలో. భారతి ఆమె వెనకే వచ్చింది. ఆయన నా ఉత్తరం తీసి పైకి చదివారు. "తస్కరి", "విశ్వాసఘాతుకి", "ఇట్టి స్త్రీని తక్షణము". నా మాటలు మరొకరి నోట వినడం ఇదే మొదటిసారి. గౌసియా బీకి ఆ గ్రాంథికం సగమే అర్థమైనట్టుంది. ఆ సగం చాలు.

భారతి నా వైపు చూసింది. తరువాత ఆయన వైపు తిరిగి, అవి పాలుకోళ్ళని, కోళ్ళు ఆమెవని, సగం గుడ్లు ఆమె హక్కని, ఈయనకు ఆ సంగతి తెలియక రాశారని నిదానంగా చెప్పింది. పరంధామయ్యగారు పెద్దగా నవ్వారు. తిరుమలయ్యా, ఆమె గుడ్లు తింటా ఆమెనే దొంగ అంటివి గదప్పా అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయిపోయింది, ఆమె ఇల్లు ఆమెకు ఉంటుంది, నా పాపం సీసాతో పాటు మట్టిలో ఉంటుంది అనుకున్నాను. ఆయన ఉత్తరం మడవబోయి ఆగారు. ఆఖరి వాక్యం మీద వేలు పెట్టారు.

"'నేటి సాయంకాలము లోపల, నేను పన్నిన యొక ఉపాయముచే, దొంగ తనంతట తానే బయటపడగలదు.' ఇదేమప్పా? ఏం ఉపాయం?"

తేదీ పైనే ఉంది. అక్టోబరు ముప్పై. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఏదో రాశాను, జ్వరం తలకెక్కి రాశాను అని ఉండవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. ఎదురుగా భారతి నిలబడి ఉంది, ఒంటిపూట తిని మెడ ఎముకలు తేలి. నేను ఇప్పుడు చెప్పకపోతే ఈమె చచ్చేదాకా తన చేతుల్ని తిట్టుకుంటూ బతుకుతుంది.

చెప్పాను. సూది, కషాయం, సున్నం. నాకు వద్దని ముందే చెప్పిన సంగతి కూడా. తల ఎత్తకుండా మొత్తం చెప్పాను.

ముందు మాట్లాడింది గౌసియా బీ. గొంతు పెంచలేదు.

"అన్నా, నువ్వు ఒళ్ళు తెలీకుండా పడిండేటప్పుడు భారతమ్మ చెయ్యి వణకతా ఉంటే, నీ నోట్లో గుడ్డుపాలు పోసింది నేను. పదైదు దినాలు పోసినాను. నాకు నీ మీద కసి ఉండి ఉంటే ఆ పొద్దే తీరిపోయుండును."

పరంధామయ్యగారు లేచారు. నవ్వు పోయింది ముఖంలో. ఇల్లు ఖాళీ చేయాల్సింది ఎవరో ఇప్పుడు తెలిసింది, నీ మాట చెప్పమ్మా, రేపే చేయిస్తాను అని ఆమెనే అడిగారు. ఆమె నా వైపు చూడలేదు, భారతి వైపు చూసింది.

"వొద్దు సామీ. ఈయమ్మ యాడికి పోతాది?"

అంత మాట అని ఇంటికి పోయింది. సాయంత్రం గంప తెచ్చి నాలుగు కోళ్ళనూ పట్టుకుపోయింది. భారతే ఒక్కొక్కదాన్నీ పట్టి ఇచ్చింది. ఎర్రది పరుగెత్తలేక ముందే దొరికింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇది అలంకారానికి రాయడం లేదు.

8 నవంబరు

భారతి వండింది. పెట్టింది. మాట్లాడలేదు.

9 నవంబరు

చిక్కుడుకు మళ్ళీ పేనుబంక. వంగ ఆకులన్నీ జల్లెడ. ఆపేవాళ్ళు లేరు. నేను చూస్తూ కూర్చున్నాను.

10 నవంబరు

బిడ్డ ఏడుపు కంచె ఇవతలికి వినిపించింది. పిల్లికూన అరిచినట్టు, సన్నగా. చప్పరించడం పట్టుకుందట. ఈ మాట భారతి నాతో అనలేదు, వంటింట్లో దేవుడి పటానికి చెబుతుంటే విన్నాను.

నా మూలంగా పుట్టాల్సిన రోజు కంటే ముందే పుట్టిన బిడ్డ. పేరేం పెట్టారో తెలుసుకోవాలని ఉంది. అడిగే ముఖం లేదు.

12 నవంబరు, ఆదివారం

పొద్దున పది గంటలకు మిషను ఆగింది. భారతి పెరట్లోకి పోయి వచ్చింది. కాసేపటికి గిన్నెలో ఉడకబెట్టిన గుడ్డు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది, పెంకుతోనే. పక్కన ఉప్పు.

ఎక్కడిదని అడిగాను. ఐదు రోజుల తరువాత ఆమె నాతో మాట్లాడిన మాట ఇది:

"ఆమె పంపించింది. జబ్బు మనిషి తినాల అనింది. తినండి."

గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. పగలగొట్టబోయి ఆగాను. ఎందుకు ఆగానో నాకు తెలియదు. తెలుసు. వెలుతురు వైపు పట్టుకుని పెంకును ఒక పక్క నుంచి చూశాను, తిప్పి రెండో పక్క చూశాను, కొసన బొటనవేలితో తడిమాను, సున్నం ఏమైనా అంటుతుందేమోనని.

తల ఎత్తితే భారతి ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"ఇంకా బాగా సూడండి" అని లోపలికి పోయింది.

చిల్లు లేదు.